చేపపిల్లలు నోరు తెరిస్తే

చేపలకు తిండి పెట్టాలన్న సంగతి నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. అంతవరకు నేనెరిగిన చేప చెరువులో తనంతట తాను పుట్టి, తనంతట తాను పెరిగి, ఎండాకాలం నీళ్ళు అడుగంటినప్పుడు మా కూర చట్టిలోకి వచ్చేది. నల్లగొండ జిల్లాలో మగ్గాల ఊరు మాది. మా ఇంట్లో నూలుకు గంజి పెట్టేవాళ్ళం. చేపకు గంజి పోసే మనిషి ఉంటాడని ఎవరైనా చెబితే మా నాయిన మగ్గం గుంటలోంచి లేచి మరీ నవ్వేవాడు.

అట్లాంటి నన్ను పాలమూరు జిల్లాలో ఒక చేపల ఫీల్డుమాన్‌కు ఇచ్చారు. అరవైల మొదటి సగంలో మాట. మా ఆయన వాళ్ళదీ నేత ఇల్లే. మగ్గం కూడు పెట్టడం లేదని పదో తరగతి దాకా చదివి సర్కారు నౌకరీలో చేరాడు. నౌకరీ అంటే టెంపరరీ. ఒక పెద్ద చెరువు కట్ట కింద నాలుగు మట్టి గుంతలు, వాటి పక్కన షాబాద్ బండలు పరిచిన రెండు గదుల కోటరు, ఒక బాయి, ఒక ముసలి కావలి మనిషి. అదే ఆఫీసు, అదే మా కాపురం. వానాకాలం మొదట్లో ఎక్కడినుంచో వెంట్రుక మందం చేపపిల్లలు వస్తాయి. వాటిని ఆ గుంతల్లో వేసి, మేపి, వేలెడు పొడుగయ్యాక పెద్ద చెరువులో వదలాలి. అప్పటికి చెరువు నిండి ఉండాలి, పిల్లలు బతికి ఉండాలి. ఈ రెండూ మా ఆయన చేతిలోనే ఉన్నట్టు పైనుంచి కాగితాలు వచ్చేవి.

మాతోపాటు మా అత్త ఉండేది. ఆమెకు కోళ్ళంటే ప్రాణం. కొడుకు చేపలు పెంచే నౌకరీ చేస్తున్నాడంటే ఆమె కూడా నాలాగే మొదట నమ్మలేదట. "నీళ్ళల్ల ఉన్నదానికి మనం బువ్వ పెట్టుడేందిరా? గది దేవుని పని," అనేది. అయినా ఊళ్ళో ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేది కాదు. "మా పోరడు సర్కారు చేపలకు సారు," అని వాళ్ళ నోళ్ళు మూయించేది.

మొదటి ఏడు ఎట్లాగో గడిచింది. నేను చెప్పేది రెండో ఏటి సంగతి. వానలు మొహం చాటేసిన ఏడు అది.

ఆ ఏడు పిల్లలు లారీలో వచ్చాయి. పెద్ద పెద్ద కుండల నిండా నీళ్ళు, నీళ్ళ నిండా కంటికి ఆనీ ఆనని పిల్లలు. మా ఆయన, కావలి తాత లారీ మీద ఆ కుండల నడుమ గొంతుకూర్చుని, దారి పొడుగునా అరచేతులతో నీళ్ళను తపతపా కొడుతూనే వచ్చారు. దిగేసరికి మా ఆయన చేతులు నానిపోయి, చాకిరేవు బట్టల్లాగా ముడతలు పడి ఉన్నాయి.

"ఏందయ్యా, వాటికి జోల పాడుకుంట వచ్చినవా?" అన్నాను.

"జోల గాదే, గాలి. నీళ్ళు కొట్టకుంటే గాలందక సస్తయి."

"నీళ్ళల్ల ఉన్నదానికి గాలేంది?" అని నేను పగలబడి నవ్వాను. మా అత్త కూడా నవ్వింది. ఒక్క కావలి తాత నవ్వలేదు. ఆయనది తాతల కాలం నుంచి చేపలు పట్టే ఇల్లు. మమ్మల్ని ఇద్దరినీ ఒకసారి చూసి, కుండ దింపుకుని పోయాడు. ఆ నవ్వు నవ్వినందుకు నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు.

పిల్లలను గుంతల్లో వదిలిన వారానికి పెద్ద సారు జీపులో వచ్చాడు. కోస్తా మనిషి, మంచివాడే. కుర్చీ వేస్తే గట్టు మీదే కూర్చుని మంచినీళ్ళు తాగాడు. పోయే ముందు మా ఆయనతో అన్న మాట నేను తలుపు చాటు నుంచి విన్నాను. "చూడవయ్యా, చెరువు నిండేదాకా వీటిలో సగమైనా బతికించి వేలెడు చేసి చూపించావంటే నీ పేరు పర్మినెంటుకు రాస్తాను. లేదంటే నా చేతిలో కూడా ఏం లేదు. ఈ గుంతలే ఎత్తేస్తామంటున్నారు."

ఆ పూట మా ఆయన అన్నం సరిగా తినలేదు. సంతోషమో భయమో నాకు తెలియలేదు. నాకు మాత్రం ఒకటే తెలుసు. నౌకరీ పక్కా అయితే ఆయన మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనక్కరలేదు. ఆయన నాయిన ఆ గుంటలోనే దగ్గి దగ్గి పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, మరిచిపోయేవాళ్ళూ కాదు.

వాటి మేత ఏమిటంటే పల్లి చెక్క, తవుడు. పల్లీలు గానుగ ఆడి నూనె తీశాక మిగిలే పిప్పి ఉంటుంది కదా, అదే చెక్క. దాన్ని నానబెట్టి, దంచి, తవుడు కలిపి, పొద్దున సోలెడు, సాయంత్రం సోలెడు ఒక్కో గుంతలో చల్లాలి. దంచే పని నాది. ఆ వాసనకు నాకే నోరూరేది. మా ఊళ్ళో బెల్లం ముక్కతో చెక్క తినడం పిల్లలకు పండగ. మొదట్లో నేను రోలు దగ్గర ఒక చిటికెడు నోట్లో వేసుకుని, చేపలకు పాపం చేసినట్టు మళ్ళీ ఉమ్మేసిన రోజులు కూడా ఉన్నాయి. సర్కారు తిండి తింటే ఏమవుతుందో ఏమో అని.

ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది, వాన లేదు. పల్లి విత్తిన చేలు ఎండిపోయాయి. గానుగ నడిపేవాళ్ళు చెక్క లేదన్నారు. ఉన్న కాస్త చెక్క గొడ్లకు, గొడ్లకంటే ముందు మనుషులకు పోతోందన్నారు. మా ఇంట్లో సగం బస్తా మిగిలింది. మా ఆయన దాన్ని తలుపు వెనక పెట్టి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "వానలు పడేదాక గీ సగం బస్తనే. నేను కొలిచి ఇచ్చినంతనే వెయ్యాలె. ఒక్క పిడికెడు ఎక్కువ పడొద్దు. సమజైందా?" మేం తలలూపాం. ఆయన మంచి మనిషే గాని కొలత దగ్గర మాత్రం యముడు.

మా బాయికి ఊరి నుంచి నీళ్ళకు వచ్చే ఆడవాళ్ళలో ఒకామె ఉండేది. ఆముదం చేలల్లో కూలి చేసుకునే మనిషి. ఆ ఏడు చేలే లేవు, కూలి ఎక్కడిది? ఇద్దరు చిన్న పిల్లలు. ఒకనాడు నేను చెక్క దంచుతుంటే బిందె కింద పెట్టి నిలబడింది.

"చెల్లె, గా చెక్క జరంత పెట్టరాదు? బెల్లం లేకున్నా తింటరు పోరగాండ్లు."

నేను పిడికెడు తీసి ఆమె కొంగులో పోశాను. మా ఆయన చూడనే చూశాడు. కేకలేయలేదు. ఆమె పోయాక నెమ్మదిగా అన్నాడు. "గది సర్కారుది. ఇయ్యాల ఒకరికిస్తే రేపు ఊరంత వస్తది. గుంతలల్ల ఉన్నయి ఎట్ల బతుకుతయి? మనం ఎట్ల బతుకుతం?" కేకలేసి ఉంటే నేనూ ఎదురు తిరిగేదాన్ని. నెమ్మదిగా అన్నందువల్ల మళ్ళీ రోకలి అందుకున్నాను.

మూడు రోజులకు ఆమె మళ్ళీ వచ్చి అడిగింది. లేదక్కా, అయిపోయింది అన్నాను. నా వెనక తలుపు తెరిచే ఉంది. బస్తా కనపడుతూనే ఉంది. ఆమె బస్తాను చూసింది, నన్ను చూసింది. "మంచిది చెల్లె," అని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది. మనుషులు తినేదాన్ని దాచి చేపలకు పెట్టడం న్యాయమా, మొగుడి నౌకరీ పోయేలా దాన్ని పంచిపెట్టడం న్యాయమా, నాకు ఎటూ తేలలేదు. అత్తను అడిగాను. ఆమె కూడా కోడిపెట్టను ఒళ్ళో పెట్టుకుని, "ఏమో బిడ్డా," అంది.

చెక్క దొరకడం లేదని మా ఆయన రాసిన కాగితానికి జవాబు వచ్చింది. చెక్కకు బదులు స్థానికంగా దొరికే మాంసకృత్తులున్న మేత వాడమని, కింద నాలుగైదు పేర్లు. పట్టుపురుగుల గుల్లలు, ఎండు రొయ్యల పొడి, కబేళాల నెత్తురు ఎండబెట్టి చేసిన పొడి. మా ఆయన ఆ కాగితం నా ముందు పెట్టి, "నువ్వు నేతోళ్ళ బిడ్డవు గద, పట్టుపురుగు గుల్ల ఎట్లుంటదే?" అన్నాడు. నేను తెల్లమొహం వేశాను. పట్టు నూలు ఎరుగుదును, పట్టు చీర ఎరుగుదును. పురుగును మా తాత కూడా చూసి ఉండడు. "నువ్వు కూడ నేతోళ్ళ బిడ్డవే గదయ్యా!" అన్నాను. ఎండు రొయ్యలు మాకే పండక్కి దొరికితే దొరికినట్టు. ఇక కబేళా అంటే పట్నంలో ఉంటుంది. స్థానికంగా దొరికేది ఏదయ్యా అంటే ఆముదపు చెక్క. అది తింటే గొడ్డే చస్తుంది.

ఆ కాగితం సంగతి విని మా అత్త, "మాంసకృత్తులంటే ఏందిరా?" అని అడిగింది. కండ పట్టే తిండి అని చెప్పాడు. ఆమె తన కోళ్ళ వైపు చూసి, "కోడిపిల్లకు కండ పట్టేది చేపపిల్లకు పట్టదా?" అంది. అట్లా మా ఇంటికి చెదలు వచ్చాయి.

చెదలంటే అందరికీ ఇల్లు తినే పురుగులే. కోళ్ళు పెంచే ఇంటికి మాత్రం అవి పిల్లల తిండి. పాత కుండలో ఎండిన పేడ, జొన్న సొప్ప ముక్కలు కుక్కి, నీళ్ళు చల్లి, చెదలు తిరిగే నేల మీద సాయంత్రం బోర్లిస్తారు. పొద్దున ఎత్తితే కుండ నిండా తెల్లగా బిలబిలలాడుతుంటాయి. చాటలో దులిపితే కోడిపిల్లలు ఎగబడి తింటాయి. ఈ ముక్క వినగానే మా ఆయనకు హుషారొచ్చింది. కుండలెందుకు, పార తీసుకుని పుట్టలు తవ్వుదామన్నాడు. మా అత్త చెవులు మూసుకుంది. "పుట్టను తవ్వుతవా? పాలు పోసే చేతుల్తోని పార పడ్తవా? కండ్లు పోతయిరా!" పదో తరగతి చదివినవాడు పార మూలన పెట్టి కుండలు వెతకడానికి పోయాడు.

కుండలైతే దొరికాయి. జాగా దగ్గర వచ్చింది తంటా. చెదలు లేచే నేల ఆ ఊళ్ళో ఇంటింటికీ పంచుకుని ఉంది. రాతకోతలు లేవు గాని, ఏ చెట్టు మొదట్లో ఎవరి కుండ బోర్లించాలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒకరి చోట ఇంకొకరు కుండ పెడితే అది బాయి దగ్గర జుట్టుజుట్టు పట్టుకునేదాకా పోతుంది. మా ఆయన ఈ మర్యాద తెలియక మొదటిరోజే పది కుండలు ఎక్కడ పడితే అక్కడ బోర్లించి వచ్చాడు. తెల్లారేసరికి మా కోటరు ముందు పదిమంది ఆడవాళ్ళు. "మా కోడిపిల్లల నోరు కొట్టి నీళ్ళల్ల పోస్తవా సారూ?" అని నిలదీశారు. సారు కోటరు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మా అత్త బయట బండ మీద కూర్చుని ఒక్కొక్కరికీ చెప్పింది. చివరికి ఒక దినం కోళ్ళకు, ఒక దినం చేపలకు అని ఒప్పందం కుదిరింది.

అందరూ పోయాక కూలికి పోయే ఆమె మిగిలింది. నేను చెక్క లేదని అబద్ధం చెప్పిన మనిషి. "నాకు కోళ్ళు ఏడున్నయి చెల్లె? మొన్ననే అమ్ముకున్న. మా ఇంటి వెనక జాగల దినాం పెట్టుకోన్రి. మంచిగ లేస్తయి," అంది. నాకు ఆమె మొహంలోకి చూడబుద్ధి కాలేదు. అడిగితే పెట్టని ఇంటికి అడగకుండా ఇస్తోంది, ఎందుకని? నా మీద కోపం లేదా? ఉంటే అదెక్కడ దాచింది? ఈ సంగతి నాకు అప్పుడూ ఇప్పుడూ అర్థం కాలేదు.

చెదలను చేపపిల్లలు ఎట్లా తిన్నాయో చూడాల్సిందే. నీళ్ళ మీద చల్లగానే అడుగు నుంచి ఉడుకుతున్నట్టు నీళ్ళు కదిలేవి. పల్లి చెక్కకు అంత సందడి చేసేవి కాదు. మా ఆయన అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని తిరిగేవాడు. బీడీ అలవాటు లేని మనిషికి అగ్గిపెట్టె ఎందుకా అని నాకు అనుమానమొచ్చింది. తీరా చూస్తే ఒక పిల్లను బట్టలో పట్టి, అగ్గిపుల్ల పక్కన పెట్టి కొలుస్తున్నాడు. ఒకనాడు ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, "పుల్లంత అయినయే!" అన్నాడు. పెళ్ళినాడు కూడా ఆయన అంత సంబరపడలేదు. ఇంకొక్క పుల్లంత పెరిగితే వేలెడు. ఇంకొక్క మంచి వాన పడితే చెరువు. మా అత్త నరసింహస్వామికి మొక్కుకుంది, నౌకరీ పక్కా అయితే గుట్టకు వస్తామని.

భాద్రపదంలో మబ్బు పట్టింది. వాన మాత్రం పడదు. ఎండ లేదు, గాలి లేదు, ఉక్కపోత. బాయిలో నీళ్ళు అడుక్కు పోవడంతో గుంతల్లోకి కొత్త నీళ్ళు పెట్టడం ఆపేశాం. ఆ మబ్బుల్లో ఒక తెల్లవారుజామున నేను నీళ్ళకు పోతూ గుంతల వైపు చూసి ఆగిపోయాను. పిల్లలన్నీ పైకి వచ్చి ఉన్నాయి. వరసలు వరసలుగా తలలు నీళ్ళ పైకి పెట్టి, నోళ్ళు తెరిచి, మూసి, తెరిచి. నన్ను చూసి కూడా లోపలికి పోలేదు.

కోడిపిల్ల నోరు తెరిస్తే ఆకలి. పిచ్చుకపిల్ల నోరు తెరిస్తే ఆకలి. చంటిపిల్ల నోరు తెరిస్తే ఆకలి. నాకు ఇంకో అర్థం తెలియదు. పాపం, కొలిచి కొలిచి పెట్టి వీటి కడుపు మాడ్చాడు ఈ యముడు అనుకున్నాను. ఇంట్లోకి పోయి తలుపు వెనక బస్తాలోంచి రెండు పిడికిళ్ళ చెక్క తెచ్చి చల్లాను. అవి తినలేదు. చెక్క వాటి మొహాల పక్కనుంచే అడుక్కు పోయింది. తినే ఓపిక కూడా లేదు కాబోలు అని ఇంకా భయమేసింది. మర్నాడు ఇంకా మెత్తగా దంచి నాలుగు పిడికిళ్ళు వేశాను. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ పైకి వచ్చాయి, ఇంకా పెద్దగా నోళ్ళు తెరిచాయి. నేను ఇంకా ఎక్కువ వేశాను. ఆయనకు చెప్పలేదు. ఒక మనిషికి పిడికెడు పెట్టినందుకే అంత మాట అన్నవాడు, బస్తా సంగతి తెలిస్తే ఏమంటాడో అని చెప్పలేదు. పెట్టే చెయ్యి మంచిదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగో నాటి పొద్దున గుంతలు తెల్లగా ఉన్నాయి. ముందు నాకు చెదలు తేలుతున్నాయేమో అనిపించింది. దగ్గరికి పోతే పిల్లలు. పొట్టలు పైకి పెట్టి, అగ్గిపుల్లంత పిల్లలు, గుంత నిండా. గట్టు మీద మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో ఖాళీ తట్ట ఉంది. ఏడవడం లేదు. తట్టను తిప్పి తిప్పి చూస్తున్నాడు.

కావలి తాత వచ్చి నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. అడుగు నుంచి పిడికెడు తీసి వాసన చూసి, మా ముందు పట్టాడు. నల్లని బురద, కుళ్ళు కంపు. అందులో పల్లి చెక్క పలుకులు, చెదల తలకాయలు, తవుడు.

"గింత మేత ఎవలేసిన్రు?" అన్నాడు.

ఆ బురద గట్టు మీద పడేసి తానే చెప్పాడు.

"అడుగున మేత కుళ్ళితే నీళ్ళల్ల గాలుంటదా? అసలే మబ్బుకు నీళ్ళల్ల గాలి తక్కువ, దానికి తోడు గిదొకటి. ఆకలైన చేప అడుగున దేవులాడ్తది బిడ్డా, పైకొచ్చి నోరు తెరువది. అవి బువ్వ కోసం తెరిచినయనుకున్నరా? గాలి కోసం తెరిచినయి."

లారీ మీద తపతపా కొట్టిన చేతులు అప్పుడు గుర్తుకొచ్చాయి నాకు. నీళ్ళల్ల ఉన్నదానికి గాలేంది అని నేను నవ్విన నవ్వు కూడా. నేనే వేశానని చెప్పబోయాను. నాకంటే ముందు మా అత్త కొంగు విప్పింది. అందులో చెదలు. "నా కోళ్ళకని దాపెట్టినయిరా. నోరు తెరిచినయని దినాం పొద్దుగాల తెచ్చి ఏసిన. నిన్నటి దాక ఏసిన," అంటూ గట్టు మీద కూలబడింది. నేనూ చెప్పేశాను, చెక్క సంగతి, ఎన్ని పిడికిళ్ళో కూడా. ఇద్దరం ఆయన వైపు చూశాం, ఏమంటాడో అని. ఆయన తట్ట కింద పెట్టాడు.

"నేను సుత," అన్నాడు. "మీరు లేవకముందే. తట్టెడు తవుడు."

"నీకు ఎరుక గదయ్యా, గాలి సంగతి నువ్వే చెప్తివి!"

"పుస్తకంల ఉన్నది. చదివిన. నోరు తెరిచిన దాన్ని చూస్తే పుస్తకం యాదికి రాలే."

అంతే. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే పొద్దు మూడుసార్లు పెట్టి చంపాం. పగవాడు పెట్టిన విషమైతే కనీసం తిట్టుకోవడానికి ఒకడు ఉండేవాడు.

కావలి తాత మమ్మల్ని కూర్చోనివ్వలేదు. ఇంకా కదులుతున్నవాటిని బట్టతో పట్టి, బాయి అడుగున మిగిలిన నీళ్ళు తోడి కుండల్లో వేయించాడు. మా అత్త, నేను, మా ఆయన తలా ఒక కుండ ముందు కూర్చుని అరచేతులతో నీళ్ళు కొట్టాం. ఈసారి ఎవరం నవ్వలేదు. బారెడు పొద్దెక్కేదాకా కొట్టాం. బతికినవాటిని కుండల్లోనే చెరువులో మిగిలిన కాస్త నీళ్ళ దగ్గరికి తీసుకుపోయి వదిలాడు తాత. వచ్చినవాటిలో అవి ఏ మూలకూ రావు.

నాలుగు రోజులకు పెద్ద సారు వచ్చాడు. చేపపిల్లలు చనిపోవడానికి కారణం ఏమిటో రాసిమ్మన్నాడు. మా ఆయన రాసిచ్చాడు, మేత ఎక్కువైనందున అని. సారు దాన్ని చదివి, మా ఆయన మొహం చూసి, మళ్ళీ చదివాడు. "ఏమయ్యా, మతుండే రాశావా? కరువులో మేత ఎక్కువై చచ్చాయని నేను పైకి పంపితే నన్ను ఏమనుకుంటారు? నీళ్ళు తగ్గాయని రాయి. ఎండలని రాయి. నీ మీదికి రాకుండా చూస్తాను." నేను తలుపు చాటున నిలబడి, రాయి, రాయి అని మనసులో వెయ్యిసార్లు అనుకున్నాను. మా ఆయన ఆ కాగితం మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఇంటికొచ్చాక అడిగాను. "ఎండలు అని రాస్తే వచ్చేటోడు మళ్ళ గిట్లనే ఏస్తడు గదనే," అన్నాడు. గుంతలు ఎత్తేశారు. మేం నల్లగొండకు, మా నాయిన ఇంటికి వచ్చాం. మా ఆయన మళ్ళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాడు. ఆ కాగితం గొప్పదో పిచ్చిదో ఇన్నేళ్ళలో నేను తేల్చుకోలేకపోయాను. కోపమొచ్చిన రోజు పిచ్చిది అంటాను, లేని రోజు ఊరుకుంటాను.

అయితే చేపలు చచ్చిన నాటి మధ్యాహ్నం సంగతి ఒకటి నేను దాటేశాను. ఎవరికి చెప్పినా దాటేస్తూనే ఉంటాను.

కుళ్ళు నీళ్ళు పోవాలని తాత గుంతల తూములు తెరిచాడు. మధ్యాహ్నానికి నీళ్ళన్నీ పోయి అడుగు బయటపడింది. నల్లని బురద మీద ఆ పొద్దున నిండు పిడికిళ్ళతో నేను వేసిన చెక్క ఇంకా కరగకుండా ముద్దలు ముద్దలుగా ఉంది. అవును, ఆ పొద్దున కూడా వేశాను. చీకట్లో పిల్లలు తేలి ఉన్నాయని చూడకుండానే, నీళ్ళకు పోయే తొందరలో చల్లి పోయాను. తెల్లారి మళ్ళీ వచ్చినప్పుడే చూశాను.

కూలికి పోయే ఆమె బిందెతో బాయికి వచ్చింది. బాయిలో నీళ్ళు లేవు. గట్టు మీదికి వచ్చి గుంతలోకి చూసింది. అయిపోయిందని నేను చెప్పిన చెక్క అక్కడ పరుచుకుని ఉంది.

"గివిటికి ఆకలి లేకుండెనా చెల్లె?" అని అడిగింది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. ఆమెకు కూడా అర్థం కాలేదు. నేను నోరు తెరిచాను.

ఆమె బిందె గట్టు మీద పెట్టి, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని గుంతలోకి దిగింది. పైనున్న ముద్దలు, బురద అంటనివి, ఒక్కొక్కటి ఏరి తూము దగ్గర మిగిలిన నీళ్ళలో కడిగి కొంగులో వేసుకుంది. అది సర్కారుదని అనాల్సిన మనిషి నా పక్కనే ఉన్నాడు. ఆయన చెప్పులు విడిచి తానూ గుంతలోకి దిగాడు. ఆమెకు ఎడంగా, మొహం అటు తిప్పుకుని, ముద్దలు ఏరి ఆమె బిందె పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.